డిగ్రీ అయ్యాక ఇంకో ఏడాది ఎందుకంటే



కొంచెం పెద్ద పోస్టే. రెండు రాత్రులు హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఫోన్లో టైపు చేశాను. తప్పులుంటే సర్దుకోండి గానీ సగంలో ఆపెయ్యకండి. ముఖ్యంగా నర్సింగ్, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నీషియన్, ఆప్టోమెట్రీ లాంటి కోర్సుల్లో ఉన్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరిదాకా చదవండి. ఇది మీ గొడవ కూడా.

నేను బీఎస్సీ ఆప్టోమెట్రీ మూడో సంవత్సరం. మాది రాజోలు దగ్గర పల్లె. ఎరుకలోళ్లం. వెదురు దబ్బలు చీల్చి గంపలు, తట్టలు, చేటలు అల్లి అమ్ముకున్న కుటుంబం మాది. ఇంటర్ దాటి కాలేజీ గడప తొక్కింది మా ఇంట్లో నేనే మొదలు. "మీ పాప ఏం చదువుతుంది?" అని ఎవరైనా అడిగితే మా నాన్న "కళ్ల డాక్టరు కింద చదువండి" అంటాడు. తప్పు కాదు, పూర్తిగా ఒప్పూ కాదు. చూపు కొలవడం, అద్దాల పవర్ తేల్చడం, కంట్లో జబ్బు ఉంటే పసిగట్టి సరైన డాక్టరు దగ్గరికి పంపడం, చూపు బాగా తగ్గినోళ్లకి మిగిలిన చూపుతో పనులు చేసుకోవడం నేర్పడం, ఇదీ మా పని. ఆపరేషన్లు మేం చెయ్యం.

విషయంలోకి వస్తాను. మా కాలేజీలో నాకన్నా రెండేళ్లు సీనియర్ ఒక అక్క ఉంది. మన బిడ్డే, యానాదుల అమ్మాయి. పేరు రాయను. నాలుగేళ్ల కోర్సు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, అన్నీ మంచి మార్కులతో పూర్తి చేసింది. ఒక పెద్ద కంటాసుపత్రిలో ఏడాది ఫెలోషిప్‌కి సెలక్ట్ అయ్యింది. నెలకి పదివేలు ఇస్తామన్నారు. ఉండడం, తినడం మనదే. అదే వారంలో ఒక కళ్లజోళ్ల షోరూం వాళ్లు నెలకి పదహారు వేలిస్తాం, రేపే రమ్మన్నారు. అక్క షోరూంలో చేరింది. సిటీలో రూముకి అడ్వాన్సు కట్టడానికి డబ్బుల్లేక ఆ ఫెలోషిప్ పోయింది.

ఆ రోజు మా హాస్టల్లో అందరం అక్కనే మెచ్చుకున్నాం. "నాలుగేళ్లు చదివింది చాలదా, ఇంకో ఏడాది చాకిరీ ఎందుకు?" అన్నాం. నేను కూడా అన్నాను. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా మామ్మ సంగతి చెప్పాలి.

మా మామ్మకి అరవై దాటాయి. ఇప్పటికీ గంప అల్లుతుంది. నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారం ఆవిడకీ వచ్చింది. దగ్గరివి మసగ్గా కనపడేవి. మా అమ్మ బస్సెక్కించి తీసుకెళ్లి ఒక కళ్లజోళ్ల కొట్లో చూపించింది. పవర్ అద్దాలిచ్చారు. మామ్మ దబ్బ సన్నంగా చీల్చగలిగింది, మళ్లీ అల్లిక చక్కగా కుదిరింది. అందరం సంతోషించాం. మూడు నాలుగేళ్లలో అద్దాలు రెండుసార్లు మార్చారు. ప్రతిసారీ పవర్ సరిగ్గానే ఇచ్చారు. ఆ మాట కచ్చితంగా చెప్పాలి, పవర్లో తప్పు లేదు.

కానీ మామ్మ పక్కనున్న నీళ్ల చెంబు తన్నేసేది. గుమ్మానికి భుజం కొట్టుకునేది. ఒకసారి కాలవ గట్టు మీద నడుస్తూ గట్టు అంచు తెలీక జారి పడింది. "ముసలిదాన్నయిపోయానే, కాళ్లు తడబడతన్నాయి" అనేది. మేమూ కాళ్లే అనుకున్నాం.

పోయిన వేసవి సెలవుల్లో నేను ఇంటికెళ్లి, గొప్పగా, దగ్గరి చూపు చార్టు ఒకటి పట్టుకుని మామ్మని కూర్చోబెట్టి పరీక్ష చేశాను. ఒక్కో లైనూ చదవలేదు గానీ గుర్తులు చూపిస్తే కరెక్టుగా చెప్పింది. చిన్న గుర్తులు కూడా. "మామ్మా, నీ కళ్లు బంగారం. కొంచెం పవర్ మారిస్తే చాలు" అన్నాను. మా నాన్న పేటంతా తిరిగి చెప్పాడు, మా పాప మా అమ్మ కళ్లు చూసిందని.

దసరాకి మామ్మ నాతో వచ్చింది, అద్దాలు మార్పిద్దామని. మా క్లినిక్‌లో ఒక మేడం ఉంటారు. ఆప్టోమెట్రిస్టే, డాక్టర్ కాదు. డిగ్రీ అయ్యాక ఫెలోషిప్ చేసొచ్చినావిడ. మామ్మ గుమ్మంలోంచి నడిచి వస్తుంటే పక్కనున్న స్టూలుకి గుద్దుకుంది. మేడం అది చూశారు. అద్దాల సంగతి పక్కన పెట్టి కంటి ప్రెషర్ చూశారు. చీకటి గదిలో స్లిట్ ల్యాంప్ దగ్గర కూర్చోబెట్టి, చేతిలో చిన్న లెన్సు పట్టుకుని కంటి వెనక నరం చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత నన్ను పిలిచి "నువ్వు చూడు" అన్నారు. నేను చూశాను. నాకేం కనపళ్లేదు. అంటే కనపడింది, కానీ అది మామూలుగా ఉందో లేదో తెలీలేదు.

నీటి కాసులు. గ్లకోమా. ఒక కంట్లో పక్కచూపు చాలావరకు పోయింది. రెండో కంట్లో మొదలైంది. డాక్టరుగారు ఖాయం చేసి చుక్కల మందు రాశారు. జీవితాంతం వెయ్యాలి. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవడమే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ జబ్బు చాలామందిలో నొప్పి లేకుండా వస్తుంది. చూపు అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, మధ్యచూపు చివరిదాకా ఉంటుంది. అందుకే మా మామ్మ గంప అల్లగలిగింది, నా చార్టులో చిన్న గుర్తులు చెప్పగలిగింది, కానీ పక్కన చెంబు మాత్రం కనపళ్లేదు. చార్టు చదివించి పవర్ ఇచ్చేవాళ్లకి ఈ జబ్బు దొరకదు. నరం చూడాలి, ప్రెషర్ చూడాలి, అనుమానం వస్తే చూపు పరిధి కొలవాలి. మన దేశంలో జరిగిన సర్వేల్లో గ్లకోమా ఉన్నవాళ్లలో పదిమందికి ఇంచుమించు తొమ్మిదిమందికి అప్పటిదాకా ఆ జబ్బు ఉన్నట్టే తెలీదు.

నా సిగ్గు ఏంటంటే, గ్లకోమా పాఠం నాకొచ్చు. నరం మొదలయ్యే చోట ఉండే గుంట ఎంత పెద్దదైతే అనుమానించాలో, ఆ లెక్క రాసి ఇంటర్నల్స్‌లో పదికి తొమ్మిది తెచ్చుకున్నాను. ఆ తొమ్మిది మార్కులతో మా మామ్మ ముందు కూర్చుని "నీ కళ్లు బంగారం" అన్నాను. కొట్టువాళ్లని తిట్టే హక్కు నాకెక్కడిది? వాళ్లు చేసిన పొరపాటే నేనూ చేశాను. తేడా ఆ మేడంలో ఉంది. ఆవిడ పుస్తకం నాకన్నా ఎక్కువ చదివి ఉండొచ్చు, కానీ అసలు తేడా అది కాదు. ఫెలోషిప్‌లో ఏడాదిపాటు జబ్బున్న కన్నూ జబ్బులేని కన్నూ వందల సంఖ్యలో పక్కపక్కన చూసింది. చూసిన ప్రతిసారీ పక్కన ఒక పెద్దావిడ నిలబడి "మళ్లీ చూడు, నువ్వనుకున్నది తప్పు" అని చెప్పింది.

మా మామ్మ మా అమ్మకి అల్లిక నేర్పింది ఎలాగంటే, చెప్పి కాదు. దబ్బ ఎంత సన్నంగా చీల్చాలో నోటితో చెప్తే రాదు. ఒక వానాకాలం అంతా పక్కన కూర్చోబెట్టుకుని, చేతి మీద చెయ్యేసి, చెడిపోయిన గంపలు విప్పించి మళ్లీ అల్లించింది. డిగ్రీ అయ్యాక చేసే ఆ ఏడాది కూడా అలాంటిదే. చేతి మీద చెయ్యి వేసే ఏడాది.

ఇప్పుడు అసలు ఈ శిక్షణ ఏంటో తెలీని వాళ్లకి నాలుగు ముక్కలు. బయటి దేశాల్లో దీన్ని రెసిడెన్సీ అంటారు, మన దగ్గర ఎక్కువగా ఫెలోషిప్ అంటున్నారు. రెండేళ్ల మాస్టర్స్ డిగ్రీ వేరు, ఇది వేరు. మాస్టర్స్‌లో చదువు, పరిశోధన ఎక్కువ. ఇందులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పేషెంట్లే. గ్లకోమా, రెటీనా, చిన్నపిల్లల కళ్లు, మెల్లకన్ను, కాంటాక్ట్ లెన్సులు, చూపు బాగా తగ్గినోళ్ల విభాగం, ఇలా కొన్ని నెలలు ఒక్కోచోట ఉంచుతారు, లేదా ఒకే విభాగంలో లోతుగా నేర్పుతారు. చూసిన కేసులు రాసుకోవాలి, వారం వారం నలుగురి ముందు చెప్పాలి, తిట్లు తినాలి.

అమెరికాలో ఆప్టోమెట్రీ డాక్టరేట్ పూర్తి చేశాక ఏడాది రెసిడెన్సీ చేస్తారు. తప్పనిసరి కాదు, ఇష్టమైనవాళ్లు చేస్తారు, స్టయిపెండ్ ఉంటుంది. 1970లలో అక్కడి మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఇది మొదలైంది. ఇప్పటికీ అక్కడ చాలా సీట్లున్నాయి. ఆలోచించండి, డబ్బున్నోళ్ల క్లినిక్కుల్లో కాదు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలైంది. వయసు మీద పడి, షుగరు, గ్లకోమా ఉన్న మామూలు మనుషుల కళ్ల మీద. బ్రిటన్‌లో చాలాకాలం ఇంకో పద్ధతి నడిచింది. డిగ్రీ చేతికొచ్చినా సీనియర్ పర్యవేక్షణలో కొంతకాలం పని చేసి, పరీక్షలు పాసైతేనే రిజిస్ట్రేషన్ ఇచ్చేవారు. అది జీతంతో చేసే పని. పిల్లవాడు ఇంట్లో డబ్బులు తెచ్చుకుని నేర్చుకోనక్కర్లేదు.

మన తెలుగు నేల మీద చూస్తే హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు మొదలుపెట్టారు. ఆయనది కృష్ణా జిల్లా. సినిమాల ఎల్.వి. ప్రసాద్ గారు విరాళం ఇచ్చారు కాబట్టి ఆ పేరు. విశాఖలో, విజయవాడ దగ్గర తాడిగడపలో కూడా వాళ్ల ఆసుపత్రులున్నాయి. అక్కడ ఆప్టోమెట్రీ స్కూలు ఉంది, డిగ్రీ అయినోళ్లకి ఫెలోషిప్ శిక్షణా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీతో కలిసి మాస్టర్స్ దాకా చదువు కూడా నడిపారు. చెన్నైలో శంకర నేత్రాలయ వాళ్ల ఎలైట్ స్కూల్ 1985 నుంచి ఉంది.

వీటిలో నన్ను కదిలించింది పెద్ద బిల్డింగు కాదు, పల్లెల్లో వాళ్లు చేసిన పని. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో మొదటి గ్రామీణ కంటాసుపత్రి పెట్టారు. దాని కింద విజన్ సెంటర్లు. యాభైవేల జనాభాకి ఒక సెంటర్ చొప్పున లెక్క. అందులో కూర్చునేది ఎవరు? ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే. ఇంటర్ చదివినోళ్లని తీసుకుని ఏడాది శిక్షణ ఇచ్చి విజన్ టెక్నీషియన్లని చేశారు. అంటే చేతి మీద చెయ్యేసి ఒక్క ఏడాది సరిగ్గా నేర్పితే ఇంటర్ పిల్లలు కూడా ఊరికి ఇంత పని చేస్తున్నారు. మరి నాలుగేళ్లు చదివిన మనకి అలాంటి ఏడాది ఇంకొకటి దొరికితే ఎంత పని చెయ్యగలం?

ఇదే లెక్క మన కోనసీమకి వేసి చూశాను. 2011 జనాభా లెక్కల ప్రకారం, 2022లో ఏర్పడినప్పటి మన జిల్లాలో 17 లక్షల పైన జనం. యాభైవేలకి ఒకటి అంటే ముప్పై నాలుగు సెంటర్లు. అప్పటికి మండలాలు 22. అంటే అమలాపురం, రాజోలు, కొత్తపేట లాంటి పెద్ద ఊళ్లే కాదు, ప్రతి మండలంలో ఒకరు, కొన్నిచోట్ల ఇద్దరు కూర్చోవాలి. ఆ ముప్పై నాలుగు కుర్చీల్లో మన పిల్లలు ఎంతమంది కూర్చుంటారు? అదీ నా ప్రశ్న.

ఇంకో లెక్క. 1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వే జరిగింది. పదివేల మందికి పైగా పరీక్షించారు. తీసుకున్న ప్రాంతాల్లో మన వశిష్ఠ గోదారి అవతలి పశ్చిమ గోదావరి కూడా ఉంది. ఆ సర్వేలో తేలింది, అంధత్వంలో దాదాపు 60 శాతం శుక్లాల వల్ల, అద్దాలు లేకపోవడం వల్ల అని. అంటే సులువుగా బాగుచెయ్యగలిగినవే. కాబట్టి అద్దాలు ఇచ్చే పని చిన్నది అని నేను ఎక్కడా అనడం లేదు. అస్సాం టీ తోటల్లో 2018లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. నలభై దాటిన 751 మంది కూలీల మీద చేశారు. సగం మందికి ముందుగా దగ్గరి చూపు అద్దాలిచ్చారు. వాళ్లు కోసే ఆకు, అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే 21 శాతం పైగా పెరిగింది. ఒక్క చత్వారం అద్దం కూలి డబ్బుల్ని పెంచుతుందన్నమాట. మా మామ్మకీ అద్దాలు మేలే చేశాయి, తిండి పెట్టాయి.

కానీ ఆ 60 శాతం పక్కన మిగిలిన 40 శాతం ఉంది. అందులో మా మామ్మ ఉంది. క్యాంపులు వస్తాయి, పోతాయి. 2019 అక్టోబరు 10న మన రాష్ట్రంలో కంటి వెలుగు మొదలుపెట్టి ముందు బడి పిల్లలకి, తర్వాత అవ్వాతాతలకి పరీక్షలన్నారు. మంచిదే. కానీ నీటి కాసులు ఒక్కరోజు క్యాంపుతో అయ్యే పని కాదు. ఆరు నెలలకోసారి అదే మనిషిని, అదే కన్నుని చూస్తా ఉండాలి. చుక్కలు వేస్తున్నారా, ప్రెషర్ తగ్గిందా, నరం అలాగే ఉందా. దానికి ఊరి దగ్గరే ఉండే మనిషి కావాలి. చూడ్డం వచ్చిన మనిషి కావాలి. రెండూ ఒకే మనిషిలో ఉండాలి. సిటీలో నేర్చుకున్నోళ్లు రాజోలు రారు. రాజోల్లో ఉన్నోళ్లకి నేర్పేవాళ్లు లేరు. ఈ రెండూ కలిసేది మనలాంటి పిల్లల్లోనే.

సరే, ఇప్పుడు చాకిరీ అన్న మాటకి వస్తాను. దాన్ని నేను కొట్టిపారెయ్యను. అందులో నిజం ఉంది. ఫెలోషిప్ అని పేరు పెట్టి పన్నెండు నెలలూ ఒకే గదిలో పవర్లు చూపించి, తక్కువ డబ్బుతో పని చేయించుకునే చోట్లు కూడా ఉన్నాయని సీనియర్లు చెప్తారు. అది శిక్షణ కాదు, చవకగా దొరికిన కూలి. మన వాళ్లు తరతరాలుగా వెట్టి చేశారు, ఇప్పుడు సర్టిఫికెట్ కోసం మళ్లీ వెట్టి ఎందుకు చెయ్యాలి?

కానీ చెడ్డ ఫెలోషిప్‌లు ఉన్నాయని మంచివాటిని కూడా వదిలేస్తే నష్టం ఎవరికి? ఇంట్లో డబ్బున్న పిల్లలు ఆ ఏడాది హాయిగా చేస్తారు. నాన్న నెలకి పదిహేను వేలు పంపిస్తాడు. రెండేళ్ల తర్వాత గ్లకోమా విభాగంలో, రెటీనా విభాగంలో, కాలేజీల్లో పాఠం చెప్పే కుర్చీల్లో వాళ్లుంటారు. మనం ఫ్రేములు తుడుస్తూ ఉంటాం. రిజర్వేషన్ మనల్ని కాలేజీ గేటు దాకా తెచ్చింది. గేటు లోపల ఇంకో గేటు ఉంది, దానికి రిజర్వేషన్ లేదు, స్కాలర్‌షిప్ లేదు. ఆ గేటు దగ్గర మనం మనంతట మనమే వెనక్కి తిరుగుతున్నాం, "మనకెందుకులే" అని. నాకు బాధ అక్కడ.

మా అక్క తప్పు చేసిందని నేను అనడం లేదు. అది గుర్తుపెట్టుకోండి. వాళ్ల అమ్మ డ్వాక్రా కిస్తీ కట్టాలి, తమ్ముడు పాలిటెక్నిక్. నేనయినా అదే చేసేదాన్నేమో. తప్పు అక్కది కాదు. అడ్వాన్సు డబ్బుల దగ్గర ఒక మంచి ఆప్టోమెట్రిస్ట్ ఆగిపోయేలా చేసిన పద్ధతిది. ఆ పద్ధతిలో మనం మార్చగలిగిన ముక్కలు కొన్ని ఉన్నాయి. అవి చెప్తాను.

ఒకటి. ప్రభుత్వాన్ని అడగాల్సింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, హాస్టల్ మెయింటెనెన్స్ గుర్తింపు ఉన్న కోర్సు నడిచినన్నాళ్లే. చేతిపని నేర్చుకునే ఏడాది వచ్చేసరికి అన్నీ ఆగిపోతాయి. 2020 డిసెంబర్లో వచ్చిన 77 నంబరు జీవో ప్రైవేటు కాలేజీల్లో పీజీ వాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసేసినప్పుడు విద్యార్థి సంఘాలు ఎంత కొట్లాడాయో మీకు తెలుసు. ఆ అర్జీల్లో పీజీ మాట ఉంది గానీ ఫెలోషిప్ మాట లేదు. ఎందుకంటే అలాంటిది ఒకటుందని మన నాయకులకే తెలీదు. ఇకనుంచి గిరిజన సంక్షేమ శాఖకి ఇచ్చే ప్రతి అర్జీలో ఒక లైను చేర్చాలి. ఆరోగ్య కోర్సులు పూర్తి చేసిన ఎస్టీ విద్యార్థులకి గుర్తింపు ఉన్న ఆసుపత్రుల్లో శిక్షణ పొందే ఏడాదికి కూడా మెయింటెనెన్స్ ఇవ్వాలని. 2021లో కేంద్రం ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం తెచ్చింది, అందులో ఆప్టోమెట్రిస్టులు కూడా ఉన్నారు. వృత్తికి చట్టం ఉన్నప్పుడు ఆ వృత్తి నేర్చుకునే పేద పిల్లలకి ఆసరా ఉండొద్దా?

ఇంకో మాట కూడా ఇక్కడే. ఏజెన్సీలో ఐటీడీఏ ఉంది, అది చేసినా చెయ్యకపోయినా అడగడానికి ఒక ఆఫీసు ఉంది. మైదానంలో చెదిరి ఉన్న ఎరుకల, యానాది పిల్లల్లో చాలామందికి అంత దగ్గర్లో అడిగే చోటు కూడా లేదు. కోనసీమలో కొబ్బరి చెట్లు కనపడతాయి, పచ్చదనం కనపడుతుంది, కాలవ గట్టు మీద మన గుడిసె ఎవరికీ కనపడదు. కాబట్టి మన తరఫున మనమే గొంతెత్తాలి.

రెండు. మనం చెయ్యగలిగింది. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఈ గ్రూపులోనే చాలామంది ఉన్నారు. ప్రతి పండక్కీ మనం ఫ్లెక్సీలకి చందాలు వేస్తున్నాం. ఒక్క ఏడాది ఫ్లెక్సీ మానేసి "మొదటి నెల నిధి" అని పెడదాం. ఫెలోషిప్ వచ్చిన పిల్లకి రూము అడ్వాన్సు, మొదటి నెల మెస్సు, బస్సు చార్జీలు, ఇవి అప్పుగా ఇద్దాం, వడ్డీ లేకుండా. ఉద్యోగం వచ్చాక తిరిగి కడుతుంది, ఆ డబ్బు ఇంకొకరికి పోతుంది. మా అక్కకి అడ్డొచ్చింది మొత్తం ఏడాది ఖర్చు కాదు, మొదటి నెల ఖర్చు.

మూడు. ఫెలోషిప్‌కి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు చేరేముందు ఈ ప్రశ్నలు అడగండి. భయపడకండి, అడగడం తప్పు కాదు.

నేను చూసిన పేషెంట్‌ని నా తర్వాత సీనియర్ ఎవరైనా మళ్లీ చూస్తారా? ఎవరూ చూడకపోతే అది శిక్షణ కాదు, ఉద్యోగం. ఉద్యోగానికి ఉద్యోగం జీతం ఇవ్వాలి.

పన్నెండు నెలల్లో ఏయే విభాగాల్లో ఎన్ని నెలలు ఉంచుతారు? కాగితం మీద చూపించమనండి.

వారంలో క్లాసు, కేసు చర్చ ఎన్ని గంటలు?

బాండ్ ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని పెట్టుకుంటారా? పెట్టుకుంటాం అంటే ఇంట్లో, సీనియర్లతో మాట్లాడకుండా సంతకం పెట్టొద్దు.

గ్రామీణ సెంటర్లలో పోస్టింగ్ ఉందా? ఉంటే అది శిక్ష అనుకోకండి. పెద్దాసుపత్రిలో పది మిషన్లు ఉంటాయి. పల్లెలో నీ కన్ను, నీ చెయ్యి ఉంటాయి. రేపు మనం పని చెయ్యాల్సింది అలాంటి చోటే.

ఈ ప్రశ్నలకి సరైన జవాబులు వచ్చిన చోట, స్టయిపెండ్ కొంచెం తక్కువైనా, చేరమనే నా సలహా. జవాబు రాని చోట షోరూం ఉద్యోగమే మేలు. షోరూంలో ఉన్నా ఒక పని చెయ్యొచ్చు. నలభై దాటిన మనిషి అద్దాలకి వస్తే ఇంట్లో ఎవరికైనా నీటి కాసులు ఉన్నాయా, షుగరు ఉందా, నడుస్తుంటే పక్కన వస్తువులు తగులుతున్నాయా అని మూడు మాటలు అడగండి. అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపండి. మా మామ్మని ఎవరూ ఆ మూడు మాటలు అడగలేదు. నేను కూడా.

కొందరు అనొచ్చు, "ఫెలోషిప్ చేసినోళ్లు ఊరికి వస్తారా? సిటీలోనే ఉండిపోతారు" అని. రావచ్చు, రాకపోవచ్చు. ఊరు మీద ప్రేమ ఉంటే చాలు అనే మాట నేను నమ్మను. ఊళ్లో జీతం ఇచ్చే కుర్చీ ఉండాలి. అందుకే ముప్పై నాలుగు కుర్చీల లెక్క చెప్పాను. కుర్చీ కోసం అడగడం ఒక పోరాటం, కుర్చీకి సరిపోయే మనిషి తయారవడం ఇంకో పోరాటం. మొదటిది గెలిచే రోజుకి రెండోది రెడీగా లేకపోతే ఆ కుర్చీలో మళ్లీ వేరేవాళ్లే కూర్చుంటారు. మనం మళ్లీ చీటీ పట్టుకుని లైన్లో నిలబడతాం.

నా సంగతి చెప్పి ఆపుతాను. నాకు ఇంకా ఇంటర్న్‌షిప్ ఏడాది ఉంది. మా నాన్న ఇప్పుడే అడుగుతున్నాడు, "అమ్మా, అయిపోగానే ఉద్యోగమేనా?" అని. పక్కనుంచి మా మేనత్త పెళ్లి మాట ఎత్తుతుంది. నేను మొన్న ఫోన్లో చెప్పాను, "నాన్నా, ఇంకో ఏడాది అడుగుతానేమో" అని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ ఏడాది చేస్తే మీ మామ్మ లాంటోళ్లది ముందే కనిపెడతావా?" అన్నాడు. "ప్రయత్నిస్తాను నాన్నా" అన్నాను. "అయితే చూద్దాంలే" అన్నాడు. చూద్దాంలే అంటే మా ఇంట్లో సగం ఒప్పుకున్నట్టు.

మామ్మ ఇప్పుడు రోజూ రాత్రి చుక్కలు వేయించుకుంటుంది. మా అమ్మ వేస్తుంది. గట్టు మీద ఒక్కత్తినీ నడవనివ్వట్లేదు. గంప మాత్రం అల్లుతూనే ఉంది. పోయిన వారం ఫోన్లో "నీ చదువు అయ్యేదాకా ఈ కన్ను ఉంటదా పిల్లా?" అని అడిగింది. ఉంటది మామ్మా, అన్నాను. అది అబద్ధం కాకూడదని ఈ పోస్టు రాశాను.

మొదటి నెల నిధి గురించి మీరేమంటారో కింద రాయండి. ఎవరైనా ఏ కోర్సు తర్వాతైనా ఇలాంటి శిక్షణ చేసి ఉంటే, మంచి అనుభవమైనా చెడ్డ అనుభవమైనా సరే, వివరంగా రాయండి. మన తర్వాత వచ్చే పిల్లలు చదువుకుంటారు.

జై ఆదివాసీ.